పక్కలో పాప, పట్టికలో పేరు

1970ల్లో శాన్ డియేగో జూలో ఒక కుర్ర పరిశోధకుడు కొండముచ్చుల గుంపు ముందు కూర్చుని నోట్సు రాసుకునేవాడు. కొండముచ్చుకు బిడ్డ పుట్టిందంటే చాలు, చుట్టూ ఉన్న ఆడ కొండముచ్చులు చేతులు చాస్తాయి. తల్లి బిడ్డను ఇచ్చేస్తుంది. ఒకటి కాసేపు ఎత్తుకుంటుంది, ఇంకొకటి లాక్కుంటుంది, బిడ్డ కీచుమనగానే మళ్లీ తల్లి పొట్టకు చేరుతుంది. నల్లమల దారుల్లో ఆగి చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పురుడు వచ్చిన ఇంట్లో పిన్నులూ అత్తలూ చేసేదీ ఇంచుమించు ఇదే. ఆ కుర్రవాడి పేరు జేమ్స్ మెక్‌కెన్నా. ఆ కొండముచ్చుల మీదే 1975లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నాడు. తల్లి కాని తల్లులు బిడ్డను సాకడం గురించి 1979లో అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ పత్రికలో వ్యాసం వేశాడు.

ఒక వ్యాసాన్ని తర్వాతి వ్యాసాలు పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. ఇప్పుడు ఏ సైటేషన్ల పట్టికలోనైనా ఆయన పేరు కొట్టి చూస్తే పైన కనిపించేవి కొండముచ్చుల వ్యాసాలు కావు. పసిపిల్లల నిద్ర, తల్లిపాలు, ఆకస్మిక శిశు మరణం (కారణం అంతుపట్టకుండా పసిపాప నిద్రలోనే పోవడం) మీద రాసినవే వరసగా ఉంటాయి. కోతుల దగ్గర మొదలైన మనిషి పిల్లల డాక్టర్ల పత్రికల్లోకి ఎలా వచ్చాడో ఆ పట్టిక చెప్పదు. ఎవరు ఎన్నిసార్లు పేర్కొన్నారో మాత్రం చెబుతుంది. మెచ్చుకుంటూ పేర్కొన్నారా, కాదనడానికి పేర్కొన్నారా అన్నది కూడా చెప్పదు. పసిపిల్లల ఆరోగ్యం విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

మెక్‌కెన్నా దారి మళ్లింది ఇంట్లోనే. 1978లో కొడుకు పుట్టాడు. భార్యాభర్తలిద్దరూ పిల్లల పెంపకం పుస్తకాలు తెచ్చుకుని చదివారు. పాపను వేరే గదిలో, వేరే మంచంలో, ఒంటరిగా పడుకోబెట్టాలని అన్నీ ఒకే పాట పాడాయి. మనిషి బిడ్డ ఎలా పుడుతుంది, ఎలా బతుకుతుంది అని మానవశాస్త్రంలో ఆయన నేర్చుకున్నదానికీ ఈ పుస్తకాలకూ పొంతన లేదు. మనిషి బిడ్డ పుట్టేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో నాలుగో వంతు సైజు. తల్లి పాలలో కొవ్వు తక్కువ, కాబట్టి బిడ్డ మాటిమాటికీ తాగాలి. అలాంటి బిడ్డను ఎనిమిది గంటలు దూరంగా ఉంచడం అనేది చరిత్రలో చాలా కొత్త ఏర్పాటు, అదీ ప్రపంచంలో కొద్ది దేశాల్లోనే.

1986లో ఆయన మెడికల్ ఆంత్రోపాలజీ పత్రికలో ఒక పొడుగాటి వ్యాసం రాశాడు. వాదన ఇది: ఆకస్మిక శిశు మరణాలు ఎక్కువగా జరిగేది రెండు నుంచి నాలుగు నెలల మధ్య. సరిగ్గా ఆ వయసులోనే బిడ్డ శ్వాస మీద మెదడు పట్టు మారుతూ ఉంటుంది, ముందు ముందు మాట్లాడటానికి కావలసిన శ్వాస అదుపు మొదలవుతూ ఉంటుంది. ఆ సంధికాలంలో పక్కనున్న తల్లి ఊపిరి చప్పుడు, ఛాతీ కదలిక, ఒంటి వెచ్చదనం బిడ్డ శ్వాసకు ఆసరా కావచ్చు. ఇది రుజువు కాదు, ఊహ. ఆ తర్వాత కూడా పూర్తిగా రుజువు కాలేదు. కానీ "పాప ఎక్కడ పడుకుంటుంది" అన్న ప్రశ్న అప్పటిదాకా అలవాట్ల ఖాతాలో ఉండేది. ఈ వ్యాసం దాన్ని శరీరధర్మ శాస్త్రం ఖాతాలోకి మార్చింది.

ఊహను పరీక్షించడానికి ఆయనకు దొరికిన జోడీ శారా మోస్కో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ నిద్ర ప్రయోగశాలలో తల్లీబిడ్డల్ని కొన్ని రాత్రులు ఒకే పక్క మీద, కొన్ని రాత్రులు వేర్వేరు గదుల్లో పడుకోబెట్టి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చిత్రీకరించారు. 1997లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన వ్యాసానికి ఆధారం 35 లాటినో తల్లీబిడ్డల జంటలు. ఇంట్లో మామూలుగా కలిసి పడుకునే బిడ్డలు, విడిగా పడుకునే బిడ్డలకంటే రాత్రిపూట మొత్తం మీద దాదాపు మూడు రెట్లు ఎక్కువసేపు పాలు తాగారు. తాగే సార్లు రెండింతలు, ఒక్కోసారి తాగే సమయం 39 శాతం ఎక్కువ.

టేపుల్లో ఇంకొక విషయం కనిపించింది. ఎవరూ నేర్పకుండానే తల్లులు బిడ్డ వైపు తిరిగి, మోకాళ్లు బిడ్డ కాళ్ల కిందికి ముడుచుకుని, చెయ్యి బిడ్డ తలకు పై వైపున పెట్టుకుని పడుకునేవారు. బిడ్డ మీదికి దొర్లకుండా, పైకి జరిగి దిండు కిందికి పోకుండా ఒళ్లే గోడలా పనిచేస్తుంది. బాలింత పక్కన పడుకున్న ఏ అమ్మమ్మనడిగినా "అదేం వింత" అంటుంది. అయితే "అందరికీ తెలుసు" అన్నదానికి సైటేషన్ ఉండదు. కెమెరా పెట్టి, నిమిషాలు లెక్కపెట్టి, అచ్చువేస్తేనే ఉంటుంది. మానవశాస్త్రం చేసే పనిలో సగం ఇదే, తెలిసినదాన్ని లెక్కలోకి తేవడం.

అదే ఏడాది ఆయన నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి మారి తల్లీబిడ్డల నిద్ర ప్రయోగశాల పెట్టాడు. అట్లాంటిక్ అవతల ఇంగ్లండ్‌లో డర్హమ్ విశ్వవిద్యాలయంలో హెలెన్ బాల్ ఇదే బాటలో నడిచింది. ఆమె కూడా మానవశాస్త్రవేత్తే. కొత్త తల్లిదండ్రులు బిడ్డను ఎక్కడ పడుకోబెడతామని పుట్టక ముందు అంటారు, పుట్టాక నిజంగా ఎక్కడ పడుకోబెడతారు అని 1999లో ఆమె బృందం వ్యాసం రాసింది. అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. రెండేళ్లు నిండని పాపను పెంచినవాళ్లకెవరికీ ఆ ఫలితం చూపించి ఒప్పించనక్కర్లేదు.

ఇంతవరకూ ఇది ఒక పండితుడి రికార్డు. ఆ రికార్డును కొలిచే కొలబద్ద కథ వేరు.

శాస్త్ర వ్యాసాల సైటేషన్లను లెక్కగట్టవచ్చని 1955లో ప్రతిపాదించినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది అమెరికా లాయర్లు వాడే షెపర్డ్స్ అనే గ్రంథాల వరస. కోర్టులో పాత తీర్పును ఎత్తిచూపే ముందు లాయరు అందులో వెతికేవాడు, ఆ తీర్పును తర్వాత ఏ ఏ కేసుల్లో పేర్కొన్నారు అని. ఇందులో ఒక కీలకం ఉంది. పేర్కొన్న ప్రతిచోటా పక్కన గుర్తు ఉండేది: అనుసరించారు, విమర్శించారు, కొట్టేశారు. కొట్టేసిన తీర్పును పట్టుకుని జడ్జి ముందు నిలబడితే పరువు పోతుంది కాబట్టి ఆ గుర్తే లాయరుకు ప్రాణం. గార్‌ఫీల్డ్ పద్ధతి శాస్త్రానికి వచ్చేటప్పుడు వెతికే సౌకర్యం వచ్చింది, ఆ గుర్తు రాలేదు. అనుసరించినదీ కొట్టేసినదీ ఒకే ఒకటిగా కూడికలో కలిసిపోయాయి. గార్‌ఫీల్డ్‌కు ముందు కావలసింది సమాచారం వెతికే సాధనం. దాన్ని మనుషుల్ని తూచే తక్కెడగా వాడటం తర్వాత జోరందుకుంది.

ఆ గుర్తు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే పసిపిల్లల మరణాల రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. వినడానికే కష్టమైన ఉదాహరణ.

1972 అక్టోబరులో పీడియాట్రిక్స్ పత్రికలో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌కు చెందిన డాక్టర్ ఆల్ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ వ్యాసం వచ్చింది. ఐదుగురు పిల్లల పరిశీలన. నిద్రలో ఊపిరి కొద్దిసేపు ఆగిపోయే లక్షణం ఉన్న పిల్లలే ఆకస్మిక మరణానికి గురవుతారని, అది ఇళ్లలో వంశంగా రావచ్చని దాని సారాంశం. ఆ ఐదుగురిలో ఇద్దరు ఒకే తల్లి బిడ్డలు. వాళ్ల అన్నలూ అక్కా ముగ్గురు అంతకుముందే చనిపోయారు. ఈ ఇద్దర్నీ పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కువకాలం ఆసుపత్రిలో మానిటర్ల మధ్య ఉంచారు. ఇద్దరూ ఇంటికి వెళ్లిన మర్నాడే పోయారు. ఒకరు 1970లో, ఒకరు 1971లో.

వ్యాసం పెద్ద పేరు తెచ్చుకుంది. ఈ రంగంలో పదే పదే ప్రస్తావనకు వచ్చిన వాటిలో ఒకటయింది. దాని వెనకాల ఇంట్లో పెట్టుకునే శ్వాస మానిటర్ల పరిశ్రమ పెరిగింది. బీప్ మన్నప్పుడల్లా లేచి పరిగెత్తే రాత్రులు, ఆ టెన్షన్, వేలాది ఇళ్లకు అంటుకున్నాయి.

1986లో డాలస్‌కు చెందిన ఫోరెన్సిక్ వైద్యురాలు లిండా నార్టన్ సిరక్యూస్ ప్రాసిక్యూటర్ విలియం ఫిట్జ్‌పాట్రిక్‌తో వేరే కేసు మీద మాట్లాడుతూ ఈ వ్యాసం సంగతి ఎత్తింది. మీ ఊళ్లోనే ఒక హంతకి ఉండవచ్చు, చూసుకోండి అని సూచించింది. వ్యాసంలో పేర్లు లేవు, పొడి అక్షరాలే. వాటిని పట్టుకుని వెతుక్కుంటూ పోతే వనీటా హోయ్ట్ దొరికింది. 1994లో పోలీసుల దగ్గర ఒప్పుకుంది, తర్వాత కాదంది. 1965కూ 1971కీ మధ్య తన ఐదుగురు పిల్లల్నీ ఊపిరాడకుండా చేసి చంపినట్టు 1995లో కోర్టు తేల్చింది. 75 ఏళ్ల నుంచి జీవితాంతం దాకా శిక్ష పడింది. 1998లో జైల్లోనే చనిపోయింది. ఆ ఆసుపత్రిలో పనిచేసిన నర్సులు విచారణలో చెప్పిన మాటలు ఇక్కడ గుర్తుంచుకోవాలి. పిల్లలు వార్డులో బాగానే ఉండేవారని, తల్లి తీరే తమకు తేడాగా అనిపించిందని వాళ్లు సాక్ష్యం ఇచ్చారు. నర్సుల అనుమానం ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. డాక్టరు సిద్ధాంతం అచ్చయింది.

1997లో పీడియాట్రిక్స్ సంపాదకుడు జెరాల్డ్ లూసీ ఆ వ్యాసాన్ని అసలు వేసి ఉండాల్సింది కాదని రాశాడు. 2001లో వెయ్యికి పైగా పిల్లల మీద ఇంటి మానిటర్లతో చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. ఊపిరి కాసేపు ఆగడం, గుండె వేగం తగ్గడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా మామూలేనని తేలింది. ఆకస్మిక మరణాన్ని ఆపడానికని మానిటర్లు రాయవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2003లో చెప్పింది. సిద్ధాంతం కూలింది గానీ, దానికి పడిన సైటేషన్ల సంఖ్యలో ఒక్కటి కూడా తగ్గలేదు. పైగా కూలిన సంగతి చెప్పే ప్రతి వ్యాసమూ ఆ సంఖ్యకు మరొకటి కలిపింది. షెపర్డ్స్‌లో అయితే పక్కన "కొట్టేశారు" అని పడేది.

దీనికి తలకిందుల ఉదాహరణ కూడా ఇదే రంగంలో ఉంది. బిడ్డను బోర్లా పడుకోబెట్టమని పాశ్చాత్య దేశాల్లో డాక్టర్లు, పుస్తకాలు దశాబ్దాల పాటు చెప్పాయి. కోట్ల ప్రతులు అమ్ముడైన బెంజమిన్ స్పాక్ పుస్తకం కూడా 1950ల చివరి నుంచి అదే చెప్పింది. వెల్లకిలా పడుకుంటే బిడ్డ కక్కుకుంటే గొంతుకు అడ్డం పడుతుందని వాళ్ల భయం. 1990ల మొదట్లో బ్రిటన్, న్యూజిలాండ్, తర్వాత అమెరికా ఆ సలహాను తిరగేశాయి. అమెరికాలో ప్రచారం మొదలైంది 1994లో. ఆకస్మిక మరణాలు సగానికి పైగా పడిపోయాయి.

2005లో రూత్ గిల్బర్ట్ బృందం పాత కాగితాలన్నీ తవ్వి తీసింది. బోర్లా పడుకోబెడితే ప్రమాదం ఎక్కువన్న ఆధారం 1970 నాటికే అచ్చయి ఉంది. ఎవరూ వాటిని ఒకచోట చేర్చి కూడలేదు. అప్పుడే కూడి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కలిపి కనీసం 50,000 మంది పసివాళ్లు బతికి ఉండేవారని వాళ్ల అంచనా. ఆ పాత వ్యాసాలు చాలాకాలం ఎవరి నోటా నానలేదు. పట్టిక చూస్తే అవి బలహీనమైన పరిశోధనలు. అదే కాలంలో స్టైన్‌ష్నైడర్ వ్యాసం బలమైన పరిశోధన!

తెలుగిళ్లలో బిడ్డ తనంతట తాను బోర్లా పడటం ఒక పండగ. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. బోర్లా పడటం బిడ్డ సాధించాల్సిన పని అయిన చోట, పడుకోబెట్టడం వెల్లకిలానే అని వేరే చెప్పక్కర్లేదు. ఇది పూర్వీకుల వైద్య జ్ఞానం అని చాటింపు వేసుకోవలసినంతది కాదు. అలవాటు అలా కుదిరింది, అంతే. కానీ అలాంటి అలవాట్లున్న జనాల్లో ఏం జరుగుతోందని కొందరు పరిశోధకులు చూశారు. హాంకాంగ్‌లో ఆకస్మిక శిశు మరణాలు ఇంత అరుదెందుకని 1985లోనే లాన్సెట్‌లో ప్రశ్న వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో భారత ఉపఖండంలో పుట్టిన తల్లుల బిడ్డల్లో ఈ మరణాలు తక్కువని 1989లో బాలరాజన్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించింది. తర్వాత హెలెన్ బాల్ బృందం బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ మూలాలున్న ఇళ్లనూ తెల్లవారి ఇళ్లనూ పోల్చింది. పాకిస్తానీ ఇళ్లలో పిల్లలు తల్లి గదిలోనే, చాలాసార్లు తల్లి పక్కనే. ఆ తల్లులు సిగరెట్ తాగరు, మద్యం ముట్టరు. సోఫాలో బిడ్డతో నిద్రపోవడమూ అరుదు. తేడా ఎక్కడుందో ఆ జాబితాలో వెతుక్కోవాలి. "పక్కలో పడుకోవడం" అన్న ఒక్క ముక్కలో వెతికితే దొరకదు.

అసలు గొడవంతా ఈ ఒక్క ముక్క మీదే. 2005 నుంచి అమెరికన్ అకాడమీ ఒకే పక్క మీద పడుకోవద్దని చెబుతోంది, ఒకే గదిలో పడుకోవడం మంచిదంటోంది. అదే ఏడాది మెక్‌కెన్నా, థామస్ మెక్‌డేడ్ కలిసి, పాపలు ఎందుకు ఎప్పుడూ ఒంటరిగా పడుకోకూడదో శీర్షికలోనే చెప్పే సమీక్ష రాశారు. ఆయన పేరు సమర్థించేవాళ్ల వ్యాసాల్లోనే కాదు, వద్దనేవాళ్ల వ్యాసాల్లోనూ కనిపిస్తుంది. వద్దనాలన్నా ముందు ఆయన్ని పేర్కొనక తప్పదు. వివాదం ఎంత వేడెక్కితే సంఖ్య అంత పెరుగుతుంది. 2011 నవంబరులో మిల్వాకీ నగర ఆరోగ్యశాఖ ఒక పోస్టర్ వేసింది: మెత్తటి పెద్ద పరుపు మీద నిద్రపోతున్న పసిపాప, పక్కన పెద్ద మాంసం కత్తి. బిడ్డను పక్కలో వేసుకోవడం ఇంత ప్రమాదం అని అర్థం. అలాంటి పోస్టర్ మీద దుమారం లేచినప్పుడల్లా విలేకరులు ఫోన్ చేసేది ఇలాంటి పరిశోధకులకే. ఆ ఫోన్లు ఏ సైటేషన్ పట్టికలోకీ రావు.

2013లో రాబర్ట్ కార్పెంటర్ బృందం ఐదు అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. చనిపోయిన పిల్లలు 1,472 మంది, పోలికకు తీసుకున్నవాళ్లు 4,679 మంది. తల్లిదండ్రులు సిగరెట్ తాగకపోయినా, తల్లి మద్యం తీసుకోకపోయినా, మూడు నెలల లోపు పాలు తాగే బిడ్డకు ఒకే పక్క మీద ప్రమాదం దాదాపు ఐదు రెట్లు అన్నారు. పత్రికలన్నీ ఐదు రెట్లు అనే రాశాయి. అదే వ్యాసంలో ఇంకొక లెక్క ఉంది. ఏ ఇతర ప్రమాద కారణమూ లేని బిడ్డకు, వేరే పక్క మీదయితే వెయ్యికి 0.08, ఒకే పక్క మీదయితే వెయ్యికి 0.23. అంటే 10,000 మందిలో ఒకరి కంటే తక్కువ నుంచి ఇద్దరి పైచిలుకుకు. రెండూ నిజమైన లెక్కలే. తల్లికి చెప్పేటప్పుడు ఏది ముందు చెప్పాలన్నది గణితం తేల్చే విషయం కాదు. ఆ ఐదింటిలో కొన్ని అధ్యయనాల్లో మద్యం, మత్తుమందుల వివరాలు లేవు. వాటిని అంచనాతో నింపారు. విమర్శకులు పట్టుకున్నది అక్కడే.

పీటర్ బ్లెయిర్ బృందం ఇంగ్లండ్‌లోని రెండు అధ్యయనాల వివరాలతో 2014లో జవాబు రాసింది. 400 మరణాలు, పోలికకు 1,386 మంది. సోఫాలో బిడ్డతో నిద్రపోతే ప్రమాదం సుమారు 18 రెట్లు. మద్యం తాగినవాళ్ల పక్కన పడుకుంటే అదీ సుమారు 18 రెట్లు. పొగ తాగేవాళ్ల పక్కన, ముఖ్యంగా మూడు నెలల లోపు బిడ్డకు, చాలా ఎక్కువ. ఇవేవీ లేనిచోట ఒకే పక్క మీద అదనపు ప్రమాదం గణాంకాల్లో తేలలేదు. ఈ రెండు వ్యాసాలూ వేల మంది చేత పక్కపక్కనే చదివించుకుంటూ బతుకుతున్నాయి. సైటేషన్ల లెక్కతో ఎవరు నెగ్గారో తేల్చబోయేవాడు ఇద్దరికీ చెరో మార్కు వేసుకుంటూ పోవాల్సిందే.

మెక్‌కెన్నా పక్షానికి ఉన్న బలహీనత కూడా చెప్పాలి. ఆయన ప్రయోగశాల అధ్యయనాలు చిన్నవి. పాలు తాగడం పెరుగుతుంది, బిడ్డ గాఢనిద్రలో తక్కువసేపు ఉంటుంది, తల్లీబిడ్డలు ఒకరి కదలికకు ఒకరు మెలకువ తెచ్చుకుంటారు అని అవి బాగా చూపించాయి. దానివల్ల ఇంతమంది చావులు తప్పాయి అని చూపించే శక్తి వాటికి లేదు, 35 జంటలతో అది కుదరదు. అకాడమీ అడిగింది చావుల లెక్క, ఆయన చూపించింది నిద్ర తీరు. ఒకరి ప్రశ్నకు మరొకరి దగ్గర జవాబు లేకుండా ముప్పై ఏళ్లు వాదించుకున్నారంటే అతిశయోక్తి కాదు. మానవశాస్త్రం "మనిషి బిడ్డకు సహజమేది" అని అడుగుతుంది. ప్రజారోగ్యం "లక్ష మందికి ఒకే వాక్యంలో ఏం చెప్పాలి" అని అడుగుతుంది.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ కనిపెట్టిన ఈ అంకె ఇప్పుడు పండితుల మెడలో ధరల చీటీలా వేలాడుతోంది. లెక్క తేలికే: పది వ్యాసాలకు ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లుంటే అంకె 10. ఒక పరిశోధకురాలు జీవితంలో ఒకే వ్యాసం రాసి, దానికి 900 సైటేషన్లు పడితే ఆమె అంకె 1. తలా పన్నెండు సైటేషన్లున్న పన్నెండు ఓ మాదిరి వ్యాసాలు వేసినవాడి అంకె 12. దీన్ని మానవశాస్త్రవేత్తలకూ డాక్టర్లకూ కలిపి వాడితే ఇంకా అన్యాయం. డాక్టర్ల వ్యాసంలో ఆరుగురు, పదిమంది పేర్లుంటాయి, ఏడాదికి పది వ్యాసాల్లో భాగం దొరుకుతుంది. మానవశాస్త్రవేత్త ఒక ఊళ్లో రెండేళ్లుండి, నాలుగేళ్లు కూర్చుని, ఒంటరిగా ఒక పుస్తకం రాస్తాడు. పాత సైటేషన్ సూచికలు పత్రికల్నే ప్రధానంగా లెక్కపెట్టేవి, పుస్తకాలు వాటి కంటికి సరిగా ఆనేవి కావు. మెక్‌కెన్నా రికార్డులో సంఖ్యలు బరువెక్కింది ఆయన డాక్టర్ల పత్రికల్లో రాయడం మొదలుపెట్టాకే అంటే అందులో ఆశ్చర్యం లేదు. ఆయన బాగా ఆలోచించడం అప్పుడే మొదలైందని కాదు, ఎక్కువమంది ఒకర్నొకరు పేర్కొనుకునే బజారులోకి వచ్చాడు.

పేర్ల తికమక ఇంకొకటి. మెక్‌కెన్నా అనే ఇంటిపేరుతో, జె అనే పొడి అక్షరంతో రాసేవాళ్లు ప్రపంచంలో బోలెడుమంది. కంప్యూటర్ తయారుచేసిన జాబితాలో వేరొకరి వ్యాసాలు వచ్చి చేరడం, సొంతవి జారిపోవడం మామూలు. తెలుగువాళ్ల బాధ దీనికి రెట్టింపు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, చివర రావు, రెడ్డి, కుమార్. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరనుకునే యంత్రానికి "రావు కె" అంటే ఒక మనిషి కాదు, ఒక జిల్లా. ఒకే మనిషి ఒక వ్యాసంలో ఇంటిపేరు విడమరిచి, ఇంకొక దాంట్లో పొడి అక్షరం వేసి, అమెరికా వెళ్లాక ముందు వెనకలు మార్చి రాస్తే ముగ్గురు మనుషులవుతాడు. ఒక్కో పరిశోధకుడికి ఒక్కో నంబరు ఇచ్చే ఆర్కిడ్ పద్ధతి 2012లో వచ్చింది, అది ఈ తలనొప్పికి మందే. కానీ పాత వ్యాసాలకు ఎవరో ఒకరు కూర్చుని తగిలించాలి.

ఈ అంకెల మీద ఉద్యోగాలు ఆధారపడటం మొదలయ్యాక ఏమైందో మన కాలేజీల్లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. యూజీసీ 2010లో అధ్యాపకుల పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ పాయింట్లు తెచ్చింది, డబ్బు తీసుకుని ఏదైనా వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఏరడానికి నమ్మదగిన పత్రికల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ వదిలేసింది. పత్రిక పేరు చూసి, అంకె చూసి మనిషిని అంచనా వేయొద్దని శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 నుంచీ చెబుతూనే ఉంది. సంతకాలు చేసిన సంస్థలు చాలానే ఉన్నాయి. సంతకం చేశాక కూడా ఇంటర్వ్యూ బోర్డులో అంకె అడగడం ఆగిందని ఎవరూ అనరు.

2015లో మెక్‌కెన్నా, లీ గెట్లర్ కలిసి ఆక్టా పీడియాట్రికాలో చిన్న వ్యాసం రాశారు. "శిశు నిద్ర అంటూ ఏదీ లేదు, తల్లిపాలు తాగడం అంటూ ఏదీ లేదు, ఉన్నది బ్రెస్ట్‌స్లీపింగ్ మాత్రమే" అని దాని శీర్షిక. "పాప అంటూ ఎవరూ లేరు" అని ఒకప్పుడు బ్రిటిష్ పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ అన్నదానికి ఇది కొనసాగింపు. పాప విడిగా ఉండదు, పాపా ఇంకొకరూ ఉంటారని ఆయన ఉద్దేశం. రెండు పనులను కలిపి ఇంగ్లిష్‌లో కొత్త మాట పుట్టించాల్సి వచ్చింది. అక్కడ ఆ రెండూ ఎప్పుడో విడిపోయాయి కాబట్టి. తెలుగులో చంటిబిడ్డ అన్న మాటలోనే చన్ను ఉంది. పక్కలో వేసుకుని పాలిస్తూ నిద్రపోవడానికి ప్రత్యేకం పేరు పెట్టుకోలేదు, అది రాత్రి అన్నదానిలో భాగం. ఆ కొత్త మాట మాత్రం పత్రికల్లో చకచకా పాకింది. 2020లో తల్లిపాల వైద్యుల అకాడమీ వెలువరించిన మార్గదర్శకాన్ని రాసినవాళ్లలో బ్లెయిర్, బాల్, మెక్‌కెన్నా ముగ్గురూ ఉన్నారు. తెలిసిన ప్రమాదాలేవీ లేనప్పుడు పాలు తాగే బిడ్డకు ఒకే పక్క వల్ల ఆకస్మిక మరణం వస్తుందనడానికి ఇప్పటి ఆధారాలు చాలవని అందులో రాశారు. మార్గదర్శకం ఆసుపత్రి గోడల దాకా వెళుతుంది. హెచ్-ఇండెక్స్ దృష్టిలో మాత్రం అది కూడా ఇంకొక వ్యాసమే.

అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లో తన సలహాను మళ్లీ రాసింది. చాలామంది తల్లిదండ్రులు రకరకాల కారణాలతో బిడ్డతో ఒకే పక్క మీద పడుకుంటారని, ఆ సంగతి తమకు తెలుసని, గౌరవిస్తామని చెబుతూనే, ఆధారాల దృష్ట్యా ఏ పరిస్థితిలోనూ దాన్ని సిఫారసు చేయలేమంది. గౌరవిస్తాం అన్న మాట 2005లో లేదు. పదిహేడేళ్లలో వచ్చిన ఆ చిన్న మార్పులో ఎవరి సైటేషన్ల వాటా ఎంతో తూచే తక్కెడ ఎక్కడా లేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కూతురి పురుడుకు వెళ్లిన తెలుగు అమ్మమ్మకు ఆసుపత్రి నర్సు చెప్పేది ఈ వాక్యమే: పాపను క్రిబ్‌లోనే, వెల్లకిలా, దిండూ దుప్పటీ లేకుండా. అమ్మమ్మ వెల్లకిలా అన్నదానికి తల ఊపుతుంది, క్రిబ్ అన్నదానికి కూతురి వైపు చూస్తుంది. మెత్తటి అమెరికన్ పరుపు, బరువైన రజాయి, అలసిపోయి సోఫాలో కునుకు తీసే అల్లుడు ఆమె ఊళ్లో లేవు. గచ్చు మీద చాప, దాని మీద బొంత పరుచుకున్న రోజుల లెక్క ఈ గదికి యథాతథంగా పనికిరాదు. ఆ మేరకు నర్సు మాట కూడా నిజమే.

న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలు ఈ ముడిని వేరేలా విప్పారు. అక్కడ ఒకే పక్క, తల్లి పొగ తాగడం, రెండూ కలిసి చాలామంది మావోరీ పిల్లల్ని బలిగొన్నాయి. పక్కలో పడుకోబెట్టవద్దని ఎంత చెప్పినా జనం వినలేదు. డేవిడ్ టిపెనె-లీచ్ అనే మావోరీ డాక్టరు, కొందరు అల్లికవాళ్లు కలిసి 2000ల మధ్యలో ఒక ఉపాయం తీశారు. హరకెకె అనే నార మొక్క ఆకులతో అల్లిన చిన్న బుట్ట, పేరు వహకురా. బిడ్డ తల్లి మంచం మీదే, తల్లి పక్కనే, కానీ తన బుట్టలో. తర్వాత ప్లాస్టిక్ పెట్టెలతో అదే పని చేసే పెపి-పాడ్ వచ్చింది. 2009 నుంచి 2015 మధ్య ఆ దేశంలో పుట్టిన వారం దాటాక ఏడాదిలోపు చనిపోయే పిల్లల సంఖ్య వెయ్యికి 2.8 నుంచి 2.0కి తగ్గింది. తగ్గుదలలో ఈ కార్యక్రమానికి వాటా ఉందని టిపెనె-లీచ్ కూడా రచయితగా ఉన్న 2016 వ్యాసం వాదించింది. ఆ వ్యాసానికి రచయితలు ముగ్గురు. మొదటి బుట్టలు అల్లినవాళ్లు ఆ ముగ్గురిలో లేరు.